ఆ రోజు బండిలో మీరెక్కడ కూర్చున్నారు?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు 33 ఏళ్లు ఫైర్ సర్వీస్‌లో చేసి లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యారు, పోయి ఏడాది కావస్తోంది, సంవత్సరీకం నాటికి ఆయన స్నేహితులు, తోటి ఉద్యోగుల జ్ఞాపకాలతో ఒక చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నారు. ఆయనేమో ఇంట్లో ఉద్యోగం ఊసే ఎత్తేవారు కాదు. నలుగురికి ఫోన్ చేస్తే నలుగురూ "చాలా మంచివారమ్మా, ధైర్యవంతులు" అని అక్కడితో ఆపేశారు. ఎవర్ని అడగాలి, ఏం అడగాలి అన్నది మీ ప్రశ్న.

నేను విశాఖలో అదే డిపార్ట్‌మెంట్‌లో 34 ఏళ్లు చేశాను. మా సీనియర్ ఒకాయన రిటైరైన చాలా ఏళ్లకి పోయినప్పుడు నేనూ మరో ఇద్దరం కలిసి అచ్చం మీరు అనుకుంటున్న పనే చేశాం. స్టేషన్‌లో ఆయన్ని అందరూ బాబాయ్ అనేవాళ్లు, ఇక్కడ కూడా అలాగే అంటాను. మొదటి నెల మాకూ మీకు వచ్చిన జవాబే వచ్చింది. తప్పు వాళ్లది కాదు, మేం అడిగిన ప్రశ్నది. "ఆయన ఎలాంటి మనిషి?" అంటే ఎవరైనా మంచివాడనే అంటారు, పోయినవాళ్ల గురించి ఇంకేమంటారు?

తర్వాత ఒకరోజు మా పాత డ్రైవర్ ఆపరేటర్ ఇంట్లో కూర్చుని మాట్లాడుతుంటే ఏదో మాటవరసకి "వన్ టౌన్ కాల్ రోజు నువ్వెక్కడున్నావు?" అని అడిగాను. (మంటలార్పడానికి పిలుపొచ్చి వెళ్లడాన్ని మేం కాల్ అంటాం, వన్ టౌన్ అంటే విశాఖ పాత ఊరు.) అంతే, ఆయన గంటన్నర ఆపకుండా చెప్పాడు. అప్పటినుంచి అందర్నీ అదే అడిగాం, ఆ రోజు బండిలో మీరెక్కడ కూర్చున్నారు అని. మీరూ అక్కడే మొదలుపెట్టండి.

ఎందుకో చెప్తాను. ఫైరింజన్ మీద వెళ్లే ఐదారుగురిలో ఒక్కొక్కరికి కనిపించేది ఒక్కో ముక్క. డ్రైవర్ బండి దగ్గరే పంపు చూసుకుంటూ ఉంటాడు, లోపల ఏం జరుగుతోందో కళ్లతో చూడడు. బ్రాంచ్ పట్టుకున్నవాడు, అంటే హోస్ చివర నాజిల్ పట్టుకుని ముందు నడిచేవాడు, పొగలో వాడికి తన చెయ్యే తనకి కనపడదు. వెనక హోస్ అందించేవాడికి ముందున్నవాడి వీపు తప్ప ఇంకేమీ తెలీదు. వాచ్ రూములో, అంటే స్టేషన్‌లో ఫోన్ ఎత్తే గదిలో కూర్చున్నవాడికి టెలిఫోను, టైము, అంతే. మనిషి మొత్తాన్ని చూసినవాడు ఒక్కడూ ఉండడు కాబట్టి మీరు ఒక్కరి దగ్గరే పెద్ద కథ రాబట్టాలని చూడొద్దు, ముక్కలు ముక్కలుగానే తీసుకోండి.

ఆ వన్ టౌన్ కాల్ సంగతే తీసుకోండి. పాత మిద్దె ఇల్లు, టేకు దూలాలు, బండి పట్టని సందు. పెద్ద రోడ్డు మీద బండి ఆపి హోసులు ఒకదానికొకటి తగిలించుకుంటూ లోపలికి లాక్కెళ్లాం. డ్రైవర్ ఏమన్నాడంటే, "నాకు లోపల ఏమీ కనపడలేదు, నా కాళ్ల దగ్గర హోస్ మాత్రం కనపడింది. అది మెల్లగా ముందుకి పాకుతుంటే మనవాళ్లు నడుస్తున్నారని, ఆగితే ఆగారని, ఒక్కసారిగా బిగుసుకుని పక్కకి కొట్టుకుంటే బ్రాంచ్ కట్టేశారని. ఆ రోజు ఒకచోట ఆగిపోయి చాలాసేపు కదల్లేదు. నా గుండె నా దగ్గర లేదు. తర్వాత అది కొంచెం వెనక్కి వచ్చింది, మళ్లీ ముందుకి పోయింది. బాబాయ్ ఎవరినో బయటికి పంపి మళ్లీ లోపలికి వెళ్లాడని నాకప్పుడే తెలిసింది" అని.

అదే కాల్‌లో బ్రాంచ్ పట్టుకున్న కుర్రాడికి (ఇప్పుడు వాడికీ మనవలున్నారు) గుర్తున్నది ఒక చెయ్యి. బాబాయ్ వెనకనుంచి వాడి బెల్ట్ పట్టుకున్నాడు. ఒక్క మాట లేదు. రెండుసార్లు తడితే ముందుకి, ఒకసారి లాగితే వెనక్కి. మూసి ఉన్న తలుపు ఎదురైతే బాబాయ్ ముందుకొచ్చి వేళ్లు వెనక్కి మడిచి చేతి వెనకవైపు తలుపుకి ఆనించి చూశాడట, కింద నుంచి పైకి. చేతి వెనకవైపు చర్మం పలచన, వేడి ముందు అక్కడే తెలుస్తుంది, పైగా అరచెయ్యి కాలితే తర్వాత పనికి చెయ్యుండదు. తలుపు పైభాగం వేడిగా ఉంటే అవతల గది పొగతో, వేడితో నిండి ఉందని, తలుపు తీస్తే గాలి తగిలి మంట ఒక్కసారిగా మీదకి వస్తుందని లెక్క. ఆ తలుపు తియ్యలేదు, చుట్టూ తిరిగి కిటికీ వైపు నుంచి వెళ్లారు. "ఆ తలుపు నేనైతే తన్నేసేవాణ్ణి బాబూ" అని వాడు నాతో అన్నాడు, అని చాలాసేపు మాట్లాడలేదు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. బాబాయ్ రెండోసారి లోపలికి వెళ్లింది ఆ ఇంటి పెద్దావిడ ట్రంకుపెట్టె కోసమని డ్రైవర్ గట్టిగా చెప్పాడు. బ్రాంచ్ పట్టినవాడేమో పెట్టె మొదటే బయటికి వచ్చేసింది, రెండోసారి వెళ్లింది లోపల ఇంకెవరూ లేరని చూసుకోడానికే అన్నాడు. మేం రెండూ రాశాం. మీకూ ఇలాంటివి తప్పకుండా ఎదురవుతాయి, ఎవరిది నిజమో తేల్చడానికి కూర్చోవద్దు. ఒకరి మాట ఇంకొకరికి ముందే చెప్పొద్దు కూడా. విడివిడిగా విన్నాక, వీలైతే ఆఖర్న ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టండి, అప్పుడు మూడో సంగతి బయటికొస్తుంది.

రికార్డుల మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఫైర్ రిపోర్టులో కాల్ వచ్చిన టైము, బండి కదిలిన టైము, చేరిన టైము, నష్టపోయిన ఆస్తి ఇంత, కాపాడిన ఆస్తి ఇంత అని ఉంటుంది. తేదీలు సరిచూసుకోడానికి బాగా పనికొస్తుంది. బెల్ట్ పట్టుకున్న చెయ్యి మాత్రం అందులో ఉండదు.

ఇప్పుడు మీరు రాసిన ఒక మాట గురించి. నాన్నగారు డ్యూటీ నుంచి ఎప్పుడూ స్నానం చేసే ఇంటికొచ్చేవారని, అంత శుభ్రం మనిషని రాశారు. అమ్మా, అది శుభ్రం ఒక్కటే కాదు. కాల్ నుంచి వచ్చాక పొగ వాసన జుట్టులో, చెవుల వెనక, గోళ్లలో ఉండిపోతుంది. కట్టె పొగ అయితే ఫరవాలేదు, ప్లాస్టిక్, రబ్బరు కాలిన వాసన రెండు రోజులు పోదు. మనుషులు కాలిపోయిన చోటికి వెళ్లొస్తే ఆ వాసన వేరు, దాని గురించి ఇక్కడ రాయను. మేం చాలామందిమి స్టేషన్‌లోనే ట్యాంకు దగ్గర నిలబడి నెత్తి మీద నుంచి బకెట్లు బకెట్లు పోసుకుని, బట్టలు మార్చుకుని అప్పుడు ఇంటికెళ్లేవాళ్లం. ఇంటికెళ్లగానే పిల్లలు ఒళ్లోకి ఎక్కుతారు కదా. మీరెక్కి ఉంటారు. ఆయన మీకేమీ చెప్పకపోవడం కూడా ఆ స్నానం లాంటిదే. నాకు నా పిల్లల దగ్గర ఇప్పటికీ నోరు రాదు.

అందుకని తోటివాళ్లని అడిగేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. కొంతమంది మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తారు. బావిలోంచి తీసిన పిల్లాడి గురించో, బీచ్‌లో దొరికిన శవం గురించో మాట వచ్చినప్పుడు ఆగిపోతారు. బలవంతం చెయ్యొద్దు, టీ పెట్టించండి, వేరే మాట ఎత్తండి. వాళ్లు చెప్పినా పుస్తకంలో చనిపోయినవాళ్ల పేర్లు, ఇల్లు ఏ వీధో వెయ్యకండి, వాళ్ల వాళ్లూ ఈ ఊళ్లోనే ఉంటారు.

ఎవర్ని అడగాలి అన్నారు. స్టేషన్ ఆఫీసర్లనీ పెద్ద పోస్టుల్లో చేసినవాళ్లనీ ఎలాగూ అడుగుతారు. నేను చెప్పేది మిగతావాళ్ల సంగతి. వాచ్ రూములో ఫోన్ ఎత్తినవాళ్లు, బండి బాగుచేసిన మెకానిక్, స్టేషన్ ఎదురుగా టీ కొట్టు, కేజీహెచ్ (మా ఊరి పెద్దాసుపత్రి) క్యాజువాలిటీలో స్ట్రెచర్ తోసినవాళ్లు, పూర్ణా మార్కెట్‌లో రోజూ ఆయనకి కూరలు అమ్మిన మనిషి. ఇంకా తోటి ఉద్యోగుల భార్యలు. దీపావళి రాత్రి మాలో ఎవరూ ఇంట్లో లేరు, ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) గ్రౌండ్‌లో బాణసంచా దుకాణాల దగ్గర స్టాండ్‌బైలోనో, స్టేషన్‌లో బెల్లు కోసం చూస్తూనో ఉండేవాళ్లం. సింహాచలం చందనోత్సవానికి ఊరంతా దర్శనానికి వెళితే మేం కొండ మీద బండి పక్కన నిలబడేవాళ్లం. ఆ పండగలన్నీ పిల్లలతో ఒంటరిగా చేసినవాళ్లు ఆ ఆడవాళ్లే. ఒకావిడ మాతో ఏమన్నదంటే, "దీపావళి మర్నాడు పొద్దున్న మీ బాబాయ్ డ్యూటీ దిగి మా ఇంటికొచ్చి మా ఆయనకి ఏం కాలేదని చెప్పి వెళ్లేవాడు, ఈయనింకా స్టేషన్‌లోనే ఉండేవాడు, ఫోన్లు లేని రోజులు" అని. మా ఎవరికీ ఈ సంగతి తెలీదు. ఆయన ఒక్క ఇంటికే కాదు, దారిలో ఉన్న ప్రతి ఇంటి ముందూ సైకిల్ ఆపేవాడని తర్వాత మిగతావాళ్లు కూడా చెప్పారు.

ఆయన కాపాడినవాళ్లు దొరికితే అదృష్టమే, చాలామంది దొరకరు. ఫైర్‌మన్ పేరు ఎవరూ అడగరు, హెల్మెట్ కింద మొహం కూడా గుర్తుండదు. మాకు దొరికిందల్లా ఒక్కావిడే, ఆవిడైతే మొదట్లో ఆయన్ని తిట్టిన మనిషి.

జాలారిపేట వైపు వేసవిలో తాటాకిళ్లు అంటుకున్న రోజది. మధ్యాహ్నం, సముద్రపు గాలి జోరుగా ఉంది. ఈవిడ ఇల్లు అప్పటికే కప్పు దాకా మండుతోంది. బాబాయ్ నీళ్లు ఆ ఇంటి మీద పోయించలేదు, గాలి వాలున ఉన్న పక్క రెండు ఇళ్ల కప్పులు తడపమన్నాడు, మిగతావాళ్ళని కొక్కేలతో మూడో ఇంటి తాటాకులు లాగి కింద పడెయ్యమన్నాడు. తాటాకు కప్పు ఒకసారి పూర్తిగా అంటుకుంటే దాన్ని ఆర్పేలోపు నిప్పురవ్వలు ఎగిరి ఇంకో పది ఇళ్లు పోతాయి, బండిలో ఉన్న నీళ్లు నిమిషాల లెక్క. ఇదంతా మాకు తెలుసు గానీ కళ్లముందు ఇల్లు కాలిపోతున్న మనిషికి ఎలా తెలుస్తుంది? ఆవిడ మట్టి తీసి ఆయన మీద చల్లింది, నా ఇల్లు కాలిపోతుంటే పక్కోళ్ల ఇల్లు కడుగుతావా అని. బాబాయ్ మొహం తుడుచుకోలేదు, తిరిగి ఒక్క మాట అన్లేదు, హోస్ పక్కకి తిప్పనివ్వలేదు. ఒక్క ఇల్లు పోయింది, వీధి మిగిలింది.

మాకు తెలిసింది ఇంతవరకే. మిగతాది ఆవిడే చెప్పింది. మర్నాడు పొద్దున్నే ఆయన సైకిల్ మీద ఒక్కడే వెళ్లాడట. బూడిదలో కూర్చుని ఉన్న ఆవిడ దగ్గర గొంతుక్కూర్చుని, గాలి ఎటునుంచి ఎటు వీచిందో వేలితో బూడిదలో గీసి చూపించి, "అమ్మా, నీ ఇల్లు మేం వచ్చేసరికే పోయింది, నేను దాన్ని వదిలేశాను, నన్ను తిట్టడం తప్పు కాదు" అన్నాడట. ఆ తర్వాత పదేళ్ల పాటు ఆవిడ చేపల గంపతో స్టేషన్ వైపు వచ్చినప్పుడల్లా ఆయన కోసం అడిగేది. మేం ఎవరో చుట్టాలనుకున్నాం.

1997 సెప్టెంబర్ 14 గురించి కూడా మీ నాన్నగారి తరం వాళ్లని తప్పకుండా అడగండి. ఆదివారం పొద్దున్న మల్కాపురం వైపు రిఫైనరీలో గ్యాస్ అంటుకుంది, దాదాపు 60 మంది పోయారు, జనం చేతికందినవి పట్టుకుని ఊరు విడిచి పరిగెత్తారు. ఊరు బయటికి పోతుంటే మన బండ్లు లోపలికి పోయాయి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేలబారున పాకుతుంది, ఎక్కడ నిప్పు దొరికితే అక్కడ అంటుకుంటుంది. వాల్వు కట్టే దారి లేకుండా గ్యాస్ మంటని ఆర్పకూడదు, ఆర్పితే మండకుండా పోగయ్యే గ్యాస్ ఇంకా ప్రమాదం. అసలు పని పక్క ట్యాంకులు వేడెక్కి పేలకుండా నీళ్లతో చల్లబరుస్తూ ఉండడం, గంటల తరబడి. ఆ మంట చూస్తూ నిలబడినప్పుడు జాలారిపేట గుర్తొచ్చిందని బ్రాంచ్ పట్టిన కుర్రాడే చెప్పాడు. మండుతున్నదాన్ని వదిలేసి పక్కదాని మీద నీళ్లు పోస్తూ నిలబడే ఓపిక బాబాయ్ దగ్గర నేర్చుకున్నానని అన్నాడు. ఆ రోజు గురించి ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో సంగతి ఉంటుంది, కొందరు చెప్పరు.

రిటైరయ్యాక స్నేహితులు వేరు, వాళ్లని వదిలెయ్యొద్దు. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచేవాళ్లు, అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు. బాబాయ్ రిటైరై ఆరేళ్లయ్యాక 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ప్రతి వీధిలో చెట్లు అడ్డంగా పడున్నాయి. డిపార్ట్‌మెంట్ వాళ్లు పెద్ద రోడ్లు తెరుస్తున్నారు, ఈయన తన రంపం తీసుకుని కాలనీ సందులో చెట్టు కొయ్యడానికి దిగాడు. పక్కింటి కుర్రాడు చెప్పాడు, "తాతగారు ముందు చెట్టు చుట్టూ తిరిగి వంగి వంగి చూశారు, ఏ కొమ్మ బిగుసుకుని ఉందో, ఎటు కొడితే ఎటు లేస్తుందో చూసుకున్నాకే రంపం పెట్టారు, మేం అప్పటికే కత్తులు పట్టుకుని తొందరపడుతున్నాం" అని.

ఆయనతో గొడవపడ్డ మనిషిని కూడా అడగండి. బాబాయ్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో మెట్ల దగ్గర చెప్పుల స్టాండ్లు, పాత సైకిళ్లు పెట్టనిచ్చేవాడు కాదు, పొగ కమ్మినప్పుడు అందరూ దిగాల్సింది ఆ మెట్లే అని. ఇళ్లల్లోకి వెళ్లి గ్యాస్ పైపు మీద తేదీ చూసి అయిదేళ్లు దాటిందని మార్పించేవాడు. పైఫ్లోర్ ఆయనకి ఇది నచ్చక రెండేళ్లు మాటల్లేవు. మేం వెళితే ఆ మాటే ముందు చెప్పాడు, చెప్పి మమ్మల్ని బయటికి తీసుకెళ్లి మెట్లు చూపించాడు. ఖాళీగా ఉన్నాయి. "ఆయన పోయాక ఎవరూ పెట్టట్లేదు" అన్నాడు. పొగడ్తలన్నీ పక్కనపెట్టి మేం ఆ పేజీని ముందు వేసుకున్నాం.

వస్తువులు కూడా చూడండి అమ్మా. నాన్నగారి ట్రంకు, పాత చొక్కాల జేబులు. బాబాయ్ భార్య, మా పిన్నిగారు, మాకు టీ ఇస్తూ వంటింటి డబ్బాలోంచి రెండు నల్ల రబ్బరు రింగులు తెచ్చి, ఇవి ఆయన జేబులో ఎప్పుడూ ఉండేవి, మిక్సీ జార్ రింగులనుకుని దాచాను, జార్‌కి పట్టడం లేదు అన్నారు. నా చేతిలో పెట్టగానే నాకు తెలిసిపోయింది. అవి కప్లింగ్ వాషర్లు. రెండు హోసులు కలిసే చోట కప్లింగ్ లోపల రబ్బరు వాషర్ ఉంటుంది. అది ఎండి పగిలినా, ఊడిపోయినా నీళ్లు అక్కడే చిమ్ముతాయి, చివర బ్రాంచ్ దగ్గర ప్రెజర్ ఉండదు, లోపల ఉన్నవాడి ప్రాణం మీదకి వస్తుంది. కాల్ నుంచి రాగానే అందరూ చతికిలబడితే బాబాయ్ హోసులు ఆరేసే ముందు ఒక్కో కప్లింగ్‌లో చూపుడువేలు పెట్టి చుట్టూ తిప్పేవాడు, కళ్లతో చూసేవాడు కాదు, వేలితోనే. ఎక్కడ గరుగ్గా తగిలితే అక్కడ ఆగేవాడు, జేబులోంచి కొత్తది తీసి వేసేవాడు. రిటైరైన తర్వాత కూడా ఆ రెండూ జేబులో ఎందుకున్నాయో పిన్నిగారికి చెప్పాం. ఆవిడ వాటిని తీసుకెళ్లి ఫొటో ముందు పెట్టారు.

మీ ఇంట్లో కూడా అలాంటిదేదో ఉంటుంది. విజిల్, తాడు ముక్క, నోట్‌బుక్, ఏదైనా సరే. అది ఏంటో తెలీకపోతే పట్టుకెళ్లి పాతవాళ్ల చేతిలో పెట్టండి. ప్రశ్న కూడా అడగక్కర్లేదు, వాళ్లే మాట్లాడతారు.

ఇంకా రెండు మాటలు. ఫోన్‌లో అడగొద్దు, మనిషి దగ్గరికి వెళ్లండి, మా వాళ్లలో సగం మందికి సైరన్లకీ పంపు చప్పుడుకీ చెవులు మందగించాయి. ఫోన్‌లో సగం వినపడక "మంచివారమ్మా" అని పెట్టేసి ఉంటారు. వాళ్లు ఒప్పుకుంటే రికార్డు చెయ్యండి, రాసేటప్పుడు మాటలు సరిదిద్దొద్దు, ఎవరి యాస వాళ్లది ఉంచండి.

పాతవాళ్లందరూ ఒకచోట దొరకాలంటే ఏప్రిల్ 14న సూర్యాబాగ్ ఫైర్ స్టేషన్‌కి వెళ్లండి. 1944లో అదే రోజు బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ కాలింది. పత్తి బేళ్లతో పాటు పేలుడు పదార్థాలు కూడా ఉన్న ఓడ, ఆర్పుతుండగానే పేలి 66 మంది ఫైర్ సిబ్బంది పోయారు. దేశమంతా స్టేషన్లలో ఆ రోజు వాళ్ల కోసం మౌనం పాటిస్తారు, ఆ వారం అంతా అగ్నిమాపక వారోత్సవాలు ఉంటాయి. రిటైరైనవాళ్లు కూడా కొంతమంది వస్తారు. నాన్నగారి యూనిఫాం ఫొటో ఒకటి పట్టుకెళ్లండి. గుర్తుపట్టినవాళ్లు వాళ్లంతట వాళ్లే మీ దగ్గరికొస్తారు, అప్పుడు ఆ ప్రశ్న అడగండి.

పుస్తకం అయ్యాక ఒక కాపీ వాచ్ రూములో ఇచ్చి రండి, టేబుల్ సొరుగులో పెట్టమని చెప్పండి. రాత్రి డ్యూటీలో రెండు గంటలప్పుడు ఫోన్ దగ్గర నిద్ర ఆపుకుంటూ కూర్చునే కుర్రాడు ఒకడుంటాడు, వాడు చదువుకుంటాడు.